పొట్టి గోలు

మా ఫుట్‌బాల్ క్లబ్బు చరిత్ర రాయమని పాత కెప్టెన్ అడిగిన రోజు నేను షాపులో కాలిపోయిన బోరు మోటారు ఒకటి విప్పుతున్నాను. సూర్యాపేటలో నాది మోటార్ల వైండింగ్ షాపు. బోర్లు ఎండేకొద్దీ మోటార్లు కాలుతాయి కాబట్టి ఎండాకాలమే మాకు పని ఎక్కువ. తిరుమలగిరి వైపు రైతులు తెల్లారకముందే మోటారు దింపి, అది చేతికొచ్చేదాకా షాపు ముందే కూర్చుంటారు. ఒళ్ళంతా వార్నిష్ వాసన, మోకాలిలో ఆట నాటి నొప్పి, ఎదురుగా ఎండ.

కెప్టెన్ ఒకప్పుడు మా సెంటర్ ఫార్వర్డ్. ఇప్పుడు సిమెంటు, ఇనుము దుకాణం నడుపుతున్నాడు. స్కూటీ దిగకుండానే మాట్లాడాడు.

"ఏమ్రా, ఇంకా బుక్కులు సదువుతనే ఉన్నవా?"

"సదువుతున్న అన్నా. ఎందుకు?"

"మన క్లబ్బోళ్ళమంత ఒక్కసారి కలుద్దామనుకుంటున్నం. వానలు పడకముందే. కోదాడోళ్ళను, మిర్యాలగూడోళ్ళను గూడ పిలుస్తున్న. గ్రౌండ్ల కూసొని ఇంత తినుడు, ముచ్చట్లు వెట్టుకునుడు. నువ్ మన క్లబ్బు మీద ఓ నాలుగు పేజీలు రాసుకరా. చదివితే అందరు ఇనాలె. నీకు దప్ప ఎవనికొస్తది రాసుడు?"

ఆ మాట నాకు నచ్చింది. నేను పదో తరగతితో ఆగినవాణ్ణి. మిగతా చదువంతా మా ఊరి గ్రంథాలయంలోనే జరిగింది. షాపు మూశాక అక్కడికి వెళ్ళి, ఏ పుస్తకం కనబడితే అది చదివేవాణ్ణి. తిమింగలాలు ఎలా నిద్రపోతాయో, పాత రోజుల్లో బావుల లోతు ఎలా కొలిచేవారో నాకు తెలుసు. ఇవి ఎక్కడా పనికిరాలేదు గానీ, ఇంటర్ చదివినవాళ్ళు నోరు తెరిచి విన్నప్పుడు బాగుండేది. కాబట్టి సరేనన్నాను.

క్లబ్బు మొదలైన తీరు చెప్పాలంటే పెద్దగా ఏమీ లేదు. మా బడికి బదిలీ మీద ఒక డ్రిల్ సారు వచ్చాడు. ఆయన వెంట ఒక బంతి వచ్చింది. కొన్నేళ్ళకు సారు మళ్ళీ బదిలీ అయి వెళ్ళిపోయాడు. బంతి మిగిలింది, దాని చుట్టూ మేము మిగిలాం. చర్చి కాంపౌండులో ఉండే పిల్లలు, మేస్త్రీల కొడుకులు, ఒకరిద్దరు గుమాస్తాల పిల్లలు, నేను. ఆదివారం ప్రార్థన అయిపోయి చర్చి పిల్లలు వచ్చేదాకా ఆట మొదలయ్యేది కాదు.

గోలు కర్రలు మాత్రం మా సొంతం. కెప్టెన్ మేనమామకు తిరుమలగిరి దగ్గర జామాయిల్ తోట ఉండేది. అక్కడి నుంచి నిటారుగా ఉన్న కర్రలు ఏరి ట్రాక్టరు మీద తెచ్చాం. కాలేజీ గ్రౌండులో గట్టి మొరం నేల. గడ్డపారతో రెండడుగుల గుంట తీసి పాతితేనే నిలబడేవి. పైన అడ్డ కర్ర మేకులతో కొట్టి, సున్నం పూశాం. దూరం నుంచి చూస్తే అచ్చం పేపర్లో ఫోటోలాగే ఉందని అందరం మురిసిపోయాం.

అయితే ఆ గ్రౌండు మా ఒక్కరిదే కాదు. రాజకీయ సభలు అక్కడే, ఎగ్జిబిషన్లు అక్కడే, దీపావళి టపాసుల దుకాణాలు అక్కడే. ఎవరైనా పెద్ద మనిషి హెలికాప్టరులో వచ్చినా అక్కడే దిగాలి. ప్రతిసారీ కర్రలు పీకేయమనేవాళ్ళు. మా ఇల్లు గ్రౌండు ప్రహరీ వెనకే. గోడ మీది నుంచి కర్రలు ఇటు అందించుకుని మా పెరట్లో రేకుల కింద పెట్టేవాళ్ళం.

"ఇది ఇల్లా, కట్టెల అడితా?" అని మా అమ్మ ప్రతిసారీ అనేది. అంటూనే ముగ్గు గిన్నె పక్కకు జరిపి దారి ఇచ్చేది.

కర్రలు పీకినప్పుడల్లా అడుగున చెదలు కనబడేవి. భూమిలో ఉన్నంత మేర తిని డొల్ల చేసేవి. కాలిన ఇంజనాయిల్ పూసినా అంతే. మళ్ళీ పాతాలంటే ఆ పుచ్చిన ముక్క కోసేయాలి. పక్కింటి వడ్రంగి దగ్గర రంపం తెచ్చి, రెండు కర్రలూ పక్కపక్కన పడుకోబెట్టి, ఎక్కువ పుచ్చినదాని కొలతకే రెండోదాన్నీ కోసేవాళ్ళం. ఒకటి పొడుగు, ఒకటి పొట్టి అయితే అడ్డ కర్ర వంకరపోతుంది కదా. అవతలి గోలును కూడా అదే కొలతకు తెచ్చేవాళ్ళం. ఎవరికీ అన్యాయం జరగకూడదు. నాలుగు కర్రలూ సమానంగా వచ్చాయంటే కెప్టెన్ చేతులు దులుపుకుని, "సూడు, మిషన్ల కోసినట్టున్నది" అనేవాడు. మళ్ళీ రెండడుగులు లోతు పాతేవాళ్ళం.

ఎంత సమానంగా కోశామో చూసుకున్నాం. ఎంత మిగిలిందో ఎవరూ చూడలేదు.

మా గోల్ కీపరు నా క్లాసువాడే. చర్చి కాంపౌండు నుంచి వచ్చేవాడు, వాళ్ళ నాన్న తాపీ మేస్త్రీ. ఆట మొదలయ్యే ముందు వాడికొక అలవాటు. గోలు మధ్యలో నిలబడి, చెయ్యెత్తి, అడ్డ కర్రను వేళ్ళతో తాకి, అప్పుడు ముందుకు వచ్చేవాడు. మొదట్లో దానికోసం ఎగరాల్సి వచ్చేది. కొన్నేళ్ళకు మునివేళ్ళ మీద లేస్తే అందేది. ఆ తర్వాత నిలబడే తాకేవాడు. వాడు పొడుగయ్యాడనుకున్నాం. వాడూ అలాగే అనుకున్నాడు.

వాణ్ణి ఊళ్ళో 'గోడ' అనేవారు. మా గ్రౌండులో మామీద గోలు కొట్టడం ఎవరికీ అంత తేలిగ్గా అయ్యేది కాదు. బయటి జట్లు కొట్టిన బంతులు పైనుంచి పోయేవి. వాడు పైకి ఒక్క చూపు చూసి, చేతులు దించి, "ఓవర్" అని అరిచి, బంతి తెచ్చుకోవడానికి గోలు వెనక్కి నడిచేవాడు. ఆ నడకలో ఒక దర్జా ఉండేది. చూసేవాళ్ళు దానికి కూడా చప్పట్లు కొట్టేవారు.

ఒకసారి కోదాడ జట్టులో బక్కపలచని ఆటగాడొకడు బంతిని పైనుంచి కొట్టి తల పట్టుకున్నాడు. వాడిది జగ్గయ్యపేట వైపు సరిహద్దు ఊరు, మాట అటువైపుది.

"ఏంటి బాబూ ఇది, గోలు పోస్టా, కోళ్ళ గూడా? బంతిని కూడా వంగి రమ్మంటారా ఏంటి?"

"కొట్టరాక గూడంటున్నవా?" అన్నాడు మా కెప్టెన్. "మీ కోదాడల గోలుకు తాడు గట్టిండ్రు. ముందుగాల దాని మీద ఆరేసిన బట్టలు తియ్‌పో!"

నిజమే, అప్పట్లో కోదాడలో అడ్డ కర్ర బదులు తాడు కట్టేవారు. అది మధ్యలో ఉయ్యాలలా వేలాడేది. అందరం నవ్వుకున్నాం. నవ్వడంతో ఆ మాట అక్కడే పోయింది.

మిర్యాలగూడ ఫైనలుకు డీసీఎం వ్యాను ఎక్కి వెళ్ళాం. అక్కడికి వెళ్ళేసరికి మిల్లుల నుంచి ఊక బూడిద గాలిలో తేలుతోంది, మా తెల్ల జెర్సీల మీద నల్లటి చుక్కలు పడ్డాయి. ఆ ఊళ్ళో గోలుకు ఇనుప పైపులు, వెనక వల. వల ఉన్న గోలును మేము అంత దగ్గర నుంచి చూడటం అదే మొదటిసారి. కొందరం వెళ్ళి వేళ్ళు దూర్చి చూశాం.

కీపరు గోలు మధ్యలో నిలబడి చెయ్యెత్తాడు. అందలేదు. ఎగిరాడు. వేలి కొసలు తాకాయంతే. కెప్టెన్ దగ్గరికి వచ్చాడు.

"అన్నా, గోలు మస్తు ఎత్తున్నది."

"ఊరు పెద్దది, మిల్లులు పెద్దయి. గోలు గూడ పెద్దగనే ఉంటది. నువ్ లోపటికి రానియ్యకు, సాలు."

మళ్ళీ నవ్వాం. ఈలోగా అవతలి జట్టు తరఫు మనిషి ఒకడు, ఎండలో నిలబడ్డాడు కదా అని, మా కీపరుకు ఒక గోలీ సోడా ఇచ్చాడు. వాడు గటగటా తాగి సీసా తిరిగి ఇచ్చాడు. మాలో సగం మంది చూశాం.

నేను బ్యాకులో ఆడేవాణ్ణి. మొదటి బంతి నా తల మీదుగా వెళ్ళింది. చాలా దూరం నుంచి కొట్టింది, నెమ్మదిగానే వచ్చింది. వెనక్కి తిరిగి చూశాను. కీపరు బంతినే చూస్తున్నాడు. చేతులు భుజాల దాకా లేచాయి. ఆగాయి. దిగాయి. "ఓవర్" అని అరిచి వెనక్కి అడుగు వేయబోయాడు. వల ఉబ్బింది.

రెండోది కూడా అలాగే. మూడోదీ అలాగే. ఎగరలేక వదిలేస్తే ఎవరూ ఏమీ అనరు. ఎగరగలిగినవాడు ఊరికే నిలబడి చేతులు దించుకోవడం చూడటానికి చాలా అసహ్యంగా ఉంటుంది. మూడోదాని తర్వాత వాడు పైపుకు ఆనుకుని కూలబడ్డాడు.

తిరిగి వస్తున్నప్పుడు డీసీఎంలో జెర్సీల మీది బూడిద దులుపుకుంటూ కూర్చున్నాం. చివరికి కెప్టెన్ అన్నాడు.

"సోడా ఎట్లుండెరా? తియ్యగుండెనా?"

కీపరు బయటికి తిరిగి కూర్చున్నాడు. మేమెవరమూ కెప్టెన్‌ను ఆపలేదు. మర్నాటికి ఆ మాట ఊరంతా పాకింది. సోడాకు ఆట అమ్ముకున్నడు. వాళ్ళ నాన్న గోడ కడుతున్న చోటికే వెళ్ళి, "నీ గోడ ఎంతకమ్ముతవు మేస్త్రీ?" అని అడిగినవాళ్ళున్నారు. వాడు గ్రౌండుకు రావడం మానేశాడు. తర్వాత కోదాడ వెళ్ళి బైపాసు పక్కన పంచర్ల షాపు పెట్టుకున్నాడని విన్నాం. వాడు లేకనే క్లబ్బు పోయిందని నేననను. కొందరు మిర్యాలగూడ మిల్లుల్లో పనులకు పోయారు, కొందరికి ఉద్యోగాలు వచ్చాయి, కొందరికి పొట్టలు వచ్చాయి. ఒక సభ కోసం పీకిన కర్రలు మా పెరట్లోకి వచ్చి, తిరిగి గ్రౌండుకు పోలేదు. ఇరవై ఏళ్ళు దాటింది. ఇప్పుడు ఆ గ్రౌండులో ఎవరో ఇనుప గోలు పోస్టులు పెట్టించారు. వాటి మధ్య కుర్రాళ్ళు క్రికెట్ ఆడతారు, చుట్టూ షుగరు పేషెంట్లు నడుస్తారు.

ఆ మూడు గోల్స్ దగ్గరే నా రాత ఆగింది. అమ్ముకున్నాడని నేను నమ్మలేను. ఎందుకు చేతులు దించాడో చెప్పలేను.

తెలియనిది వచ్చినప్పుడు నేను వెళ్ళేది ఒక్క చోటికే. గ్రంథాలయంలో ఆటల బీరువా తెరిపించి, నిబంధనల పుస్తకం ఒకటి పట్టుకుని కూర్చున్నాను. మొదట్లో ఈ ఆటలో అడ్డ కర్రే లేదట, రెండు స్తంభాల మధ్య పట్టీ కట్టేవారట. కోదాడవాళ్ళు చరిత్రకు దగ్గరగానే ఆడారన్నమాట. నవ్వుకుంటూ పేజీ తిప్పాను. గోలు ఎత్తు ఎనిమిది అడుగులు అని ఉంది.

ఎనిమిది అడుగులంటే ఎంతో నాకు తెలుసు. మా షాపు షట్టరు ఎనిమిది అడుగులు. దాన్ని దింపాలంటే నేను కొక్కెం కర్ర వాడతాను. మా కీపరు నాకంటే పెద్ద పొడుగేమీ కాదు. వాడు నిలబడి అడ్డ కర్రను తాకేవాడు.

ఇంటికి వచ్చి, పెరట్లో రేకుల కింద ఉన్న కర్రల దగ్గర టేపు తీశాను. ఒక కొస మా ఆవిడకు ఇచ్చాను.

"ఇన్నేండ్లకు వీటికి అంగీలు గుట్టిస్తున్నవా?" అంది.

కర్ర ఎనిమిదిన్నర అడుగులుంది. అడుగున ఇంజనాయిల్ పట్టిన నల్లటి భాగం రెండడుగులు, అది భూమిలో ఉండేది. పైన మిగిలింది ఆరున్నర. తెచ్చినప్పుడు ఎంత ఉండేదో గానీ, ఏళ్ళ తరబడి చెదలు కొంత, మేము కొంత తిన్నాం.

"వాడు అమ్ముకోలేదు" అన్నాను.

"ఎవరు?"

చెప్పాను. వాడి కళ్ళు మా గోలుకు అలవాటుపడ్డాయి. ఎంత ఎత్తున వచ్చే బంతి పైనుంచి పోతుందో వాడి చేతులకు తెలుసు. మిర్యాలగూడలో గోలు ఎత్తుగా ఉందని వాడికీ తెలుసు, చేతులకు మాత్రం తెలియలేదు. మా ఆవిడ టేపు చుట్టి నా చేతిలో పెట్టింది.

"ఇది గా ఇరవై ఏండ్ల కింద కొలిస్తే అయిపోతుండె గద."

ఆ సంతోషం అన్నం తినేంతవరకే ఉంది. తర్వాత ఇంకోటి తట్టింది. మా గ్రౌండులో పైనుంచి పోయిన బంతులన్నీ నిజంగా పైనుంచి పోయినవి కావు. మేము గెలిచిన ఆటల్లో ఎన్ని ఆటలు మావి, ఎన్ని చెదలవి?

మర్నాడు కెప్టెన్ దుకాణానికి వెళ్ళి చెప్పాను. ఆయన ఇనుప చువ్వలు తూకం వేయిస్తూ విన్నాడు.

"కర్రలు ఎండి కుంచుకపోయినయేమో."

"కర్ర అడ్డంల కుంచుకపోతదన్నా. పొడుగుల పోదు. నేను సదివిన."

"సదివినవ్ తియ్." తూకం కుర్రాణ్ణి పక్కకు పంపి గొంతు తగ్గించాడు. "గదంత రాస్తే ఏమైతదో ఎరికేనా? మనం గెల్సినయన్ని పొట్టి గోల్ల గెల్సినట్టే గద. కోదాడోళ్ళ ముంగట చదువుతవా గది? ఆ కోళ్ళ గూడు అన్నోడు గూడ వస్తుండు."

"మరి మన కీపరు సంగతి?"

"వాడు యాడనో బతుకుతుండు. ఇగ గది ఎవనికి యాదుంటది?"

"మొన్న గ్రూపుల నువ్వే పెడితివి గదన్నా, సోడా పార్టీ ఎప్పుడని."

మా పాత ఆటగాళ్ళ వాట్సాప్ గ్రూపు అది. దేవుడి బొమ్మలు, బైబిలు వాక్యాలు, ఎవరైనా పోతే దండాలు వస్తాయి. ఆట గురించి ఈ మధ్య వచ్చిన మాట అదొక్కటే. కిందంతా నవ్వే బొమ్మలు.

కెప్టెన్ నావైపు చూడలేదు. "గది మజాక్‌రా" అన్నాడు.

ఆదివారం కోదాడ బస్సెక్కాను. మునగాల దాటేదాకా కిటికీలోంచి వేడిగాలి ముఖం మీద కొడుతూనే ఉంది. బైపాసు దగ్గర దిగి టైర్ల గుట్ట చూసి గుర్తుపట్టాను. పక్కనే వాడి భార్య టీ కొట్టు. దాని ముందు వంకరపోయిన కర్రల మీద నీలం పట్టా కట్టి ఉంది. వాడు ట్యూబును నీళ్ళ తొట్టిలో ముంచి బుడగలు వెతుకుతున్నాడు. తల నెరిసింది. చేతులు మాత్రం అవే.

"ఏమ్రా, సూర్యాపేటల మోటార్లు గాలుడు బందైనయా?"

"లేదురా. నీతోని పనుండి వచ్చిన."

టీ వచ్చింది. అంతా చెప్పాను. కర్రలు, చెదలు, నల్ల మరక, ఆరున్నర అడుగులు. వాడు తొట్టి మీంచి తల ఎత్తలేదు.

"తెల్సు" అన్నాడు.

"ఎట్ల తెల్సు?"

"ఈడికొచ్చిన కొత్తల ఒక కాలేజీ బస్సుకు పంచరేసెతందుకు పోయిన. ఆడ గ్రౌండ్ల గోలున్నది. పోయి కింద నిలవడ్డ. చెయ్యి అందలే. మిర్యాలగూడల ఎట్లుండెనో గట్లనే ఉండె. అప్పుడు సమజైంది, వాళ్ళది ఎత్తు గాదు, మనదే పొట్టి అని."

"మరి ఎవరికన్న జెప్పకపోతివి?"

వాడు బుడగ దొరికిన చోట వేలు పెట్టి, రెండో చేత్తో గుర్తు గీశాడు.

"ఏమని జెప్పాలెరా? అమ్ముకున్నడన్నరు. అమ్ముకున్నడంటే అమ్మేటంత ఆట నా దగ్గర ఉన్నట్టే గద. గోడ అనేటోళ్ళు నన్ను. పొట్టి గోలని తెలిస్తే గా గోడ గూడ కూలుతది. దొంగ అంటే ఓర్సుకున్న. ఆట రానోడు అంటే ఓర్సుకుంటనా, ఏమో."

 చదివిన ఏ పుస్తకంలోనూ దీని గురించి లేదు. రెండిట్లో ఒకటి వాడికి దక్కుతుంది. రాస్తే దొంగ కాడన్న పేరు, రాయకపోతే గోడ అన్న పేరు.

టీ కొట్టు లోపల గ్లాసులు కడుగుతున్న చప్పుడు ఆగింది. వాడి భార్య చేతులు తుడుచుకుంటూ బయటికి వచ్చింది. ఆమెది జగ్గయ్యపేట వైపు.

"మీ గోడ సంగతి మీరు చూసుకోండి, నా సంగతి నేను చెబుతాను" అంది వాడితో. తర్వాత నావైపు తిరిగింది. "అన్నయ్యా, పెళ్ళయిన కొత్తలో మీ ఊరు వచ్చాను. వీళ్ళ వీధిలో ఒకావిడ మర్యాదగా కూర్చోబెట్టి సోడా ఇచ్చింది. నాకేం తెలుసు, తాగేశాను. చుట్టూ ఉన్నవాళ్ళంతా ఒకటే నవ్వు. ఎందుకు నవ్వారో ఈయన నాకు నెల రోజులు చెప్పలేదు. ఇప్పటికీ అక్కడ పెళ్ళికి వెళితే మంచినీళ్ళు తప్ప ఏదీ ముట్టను."

"ఇప్పుడెందుకే గదంత" అన్నాడు వాడు.

"ఇప్పుడే మరి. మీరు రాయండన్నయ్యా. ఈయనకి ఆట రాకపోతే రాకపోయింది. నాకేం ఫర్వాలేదు."

"ఇది నా ఆట సూడలేదురా, గందుకే గట్లంటది."

"పంచర్లు వేయటం చూస్తున్నాగా రోజూ. చాల్లెండి."

వాడు నవ్వాడు. నవ్వి, ట్యూబును పక్కన పెట్టి, చేతులు లుంగీకి తుడుచుకున్నాడు. "రాస్తే రాయి. నేనైతే ఆడికి రాను" అన్నాడు. నేను బస్సు ఎక్కే ముందు ఆమె, కలిసేది ఏ రోజో మరోసారి అడిగి తెలుసుకుంది.

కలిసే రోజు సాయంత్రం మబ్బు పట్టింది గానీ చినుకు పడలేదు. పిలిచినవాళ్ళలో సగం మంది కూడా రాలేదు. వచ్చినవాళ్ళు కూర్చోవడానికి కుర్చీలు వెతుక్కున్నారు. ఒకప్పుడు మేము నిలబడే మాట్లాడుకునే జట్టు. ఇప్పుడు ప్రతివాడికీ నడుమో మోకాలో పట్టేసింది. నేను ఒక ట్రాలీ ఆటోలో కర్రలన్నీ వేసుకుని వెళ్ళాను.

"ఇవెందుకు తెచ్చినవ్?" అన్నాడు కెప్టెన్.

"చరిత్ర రాయమంటివి గదన్నా."

ఒక కర్రను తీసి ఇనుప గోలుకు ఆనించాను. నేను చేసిన పొరపాటు అది. పాతకుండా నిలబెట్టేసరికి కర్ర కొస ఇనుప అడ్డపైపు కంటే పైకే వచ్చింది.

"సూడుండ్రి!" అని కెప్టెన్ కేక వేశాడు. "మన గోలే ఎత్తున్నది! ఈయన సదువు జూడుండ్రి!"

అందరూ నవ్వారు. నల్ల మరక చూపించి, ఇంత భూమిలోకి పోయేదని చెప్పబోయాను. వినే ఓపిక ఎవరికీ లేదు. కోదాడ నుంచి వచ్చిన ఆ పాత ఆటగాడు, ఇప్పుడు బక్కపలచన కాదు, కుర్చీలోంచే అన్నాడు. "పాతి చూపించాలి కదండీ. నేనప్పుడే చెప్పాను, కోళ్ళ గూడని. ఎవడన్నా విన్నాడా?" గడ్డపార లేదు. ఉన్నా ఆ మొరంలో రెండడుగులు తవ్వే చేతులు మాలో ఎవరికీ లేవు.

అప్పుడే గేటు దగ్గర బైకు ఆగింది. కీపరు ముందు, భార్య వెనక. నవ్వులు ఆగిపోయాయి. వాడు మా వైపు రాకుండా, అలవాటైన దారిలాగా తిన్నగా గోలు దగ్గరికి నడిచాడు. కర్రను చేత్తో తడిమాడు. ఆమె బైకు దగ్గర నుంచే అంది. "ఎవరైనా బంతి వేయండి ఆయనకి. ఇంత దూరం వచ్చాం."

కోదాడ ఆటగాడు కుర్చీలోంచి లేచాడు. ఫోటోల కోసం తెప్పించిన కొత్త బంతిని కాలితో దొర్లించుకుని, ఆయాసపడుతూ, మెల్లగా పైకి లేపి కొట్టాడు. పసిపిల్లలు కూడా పట్టుకునేంత మెల్లగా.

కీపరు చూశాడు. చేతులు భుజాల దాకా లేచాయి. ఆగాయి. దిగాయి.

"ఓవర్" అన్నాడు.

బంతి అడ్డపైపు కింది నుంచి, వాడి తల మీదుగా, లోపలికి వెళ్ళింది. ఆ గోలుకు వల లేదు. దూరంగా వాకింగు ట్రాకు దాకా దొర్లిపోయింది. వాడు వెనక్కి తిరిగి, అదే నడకతో, తెచ్చుకోవడానికి వెళ్ళాడు. సగం దూరం పోయాక ఆగాడు. ఏం జరిగిందో అప్పుడు తెలిసినట్టుంది. మావైపు తిరగకుండా నడుము మీద చేతులు పెట్టుకుని కాసేపు నిలబడ్డాడు.

కెప్టెన్ లేచి గోలు కిందికి వెళ్ళాడు. చెయ్యెత్తాడు. అందలేదు. చిన్నగా ఎగరబోయి, పొట్ట చూసుకుని మానేశాడు. కీపరు బంతి పట్టుకుని తిరిగి వచ్చేదాకా అలాగే పైకి చూస్తూ ఉన్నాడు.

"మస్తు ఎత్తున్నదిరా" అన్నాడు.

"ఊరు పెద్దది గదన్నా" అన్నాడు కీపరు.

కొందరు నవ్వారు. కెప్టెన్ నవ్వలేదు. వాడి చేతిలోంచి బంతి తీసుకుని, ఎక్కడ పెట్టాలో తెలియక, చంకలో పెట్టుకుని నా దగ్గరికి వచ్చాడు.

"రాసినవా? చదువు. నాలుగు పేజీలొద్దు. బిర్యానీ సల్లగయితుంది."

నేను కాగితాలు విప్పి, కావలసిన చోటు వెతుక్కుని చదివాను. మా గోలు పొట్టిదని, చెదలు తిన్నకొద్దీ మేమే కోసుకుంటూ వచ్చామని. మా కీపరు ఏ ఆటా అమ్ముకోలేదని. అంతే. చప్పట్లు లేవు, అభ్యంతరాలు లేవు. ఎవరో ప్లేట్లు పంచడం మొదలుపెట్టారు. ఇన్నేళ్ళు మోసిన మాట దిగిపోతే ఏదో చప్పుడు వస్తుందనుకున్నాను. స్పూన్ల చప్పుడు వచ్చింది.

కీపరు నా పక్కన కూర్చుని తిన్నాడు. సగం తిన్నాక అన్నాడు. "గోడ అనేటోళ్ళని గూడ రాసినవా?"

"రాసిన."

"ఉండనియ్. పొట్టిదే గాని, గోడనే గద."

వెళ్ళేటప్పుడు వాడి భార్య ట్రాలీ ఆటో చుట్టూ ఒకసారి తిరిగి చూసింది. కర్రలు ఏం చేస్తావని అడిగింది. ఏం చేయాలో తెలియదన్నాను. కొట్టు ముందు పట్టాకు వంకర కర్రలున్నాయి, ఇవైతే నిటారుగా ఉన్నాయంది. ఆటో అతనితో మాట్లాడి కోదాడకు ఒప్పించాం. కీపరు తాడు బిగించి కట్టాడు. కెప్టెన్ ఒక చెయ్యి వేశాడు.

"అమ్మా, ఒక్క మాట" అన్నాను ఆమెతో. "చెదలు పడితే మళ్ళ కోయకుండ్రి. పారేయుండ్రి."

"అలాగే అన్నయ్యా" అంది. కానీ ఆమె అప్పటికే కర్రల అడుగు చూస్తూ, ఏది కాస్త పొడుగుందో, ఎంత కోస్తే సమానమవుతాయో వేళ్ళతో కొలుస్తోంది.